సముద్రం కింది సొరంగాలు దేశాల మధ్య రైలు ప్రయాణాన్ని ఏ మేరకు మార్చాయి?

తీరరేఖ (ప్రశ్న):

బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య ఇంగ్లీష్ ఛానల్ అడుగున తవ్విన సొరంగాన్ని 1994 మే 6న ఎలిజబెత్ రాణి, ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫ్రాన్స్వా మిత్తెరాఁ కలిసి ప్రారంభించారు. మొత్తం 50 కిలోమీటర్ల పొడవులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రం కిందే ఉంది. సముద్రం కింద ఇంత దూరం సాగే రైలు సొరంగం ప్రపంచంలో మరొకటి లేదు. దాని గురించి చదివినప్పుడల్లా నన్ను ఒకే సందేహం వెంటాడుతోంది. ఒక ద్వీపాన్ని పట్టాలతో ఖండానికి కలిపారంటే, ఆ ద్వీపంలోని పెద్ద ఊళ్లన్నిటి నుంచీ ఖండంలోని నగరాలకు నేరుగా రైళ్లు నడుస్తాయని ఎవరైనా ఆశిస్తారు. అయితే మూడు దశాబ్దాలు గడిచినా లండన్ నుంచి నేరుగా వెళ్లే రైళ్లు పారిస్, లీల్, బ్రస్సెల్స్, రోటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్ వంటి వేళ్ల మీద లెక్కపెట్టగల నగరాలతోనే సరిపెట్టుకుంటున్నాయి. లండన్‌కు ఉత్తరాన ఉన్న ఏ ఊరి నుంచీ సొరంగం గుండా వెళ్లే ప్రయాణికుల రైలు ఒక్కటీ లేదు.

ప్రయాణ సమయం తగ్గిందన్న సంగతి నాకు తెలుసు. అంతకు మించి మారినదేమిటి? ఇన్నాళ్లూ అడ్డుగా నిలిచినది సముద్రమేనా, లేక సముద్రం వెనుక మరో అడ్డు కూడా ఉందా? రైల్వే చరిత్రా సాంకేతిక విషయాలూ తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరని కోరుతున్నాను.

పొగబండి:

తీరరేఖ గారూ, సొరంగానికి ముందు ఈ ప్రయాణం ఎలా ఉండేదో మొదట చూద్దాం. మారినదేమిటో అక్కడే తెలుస్తుంది.

లండన్ విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కి డోవర్ రేవుకు వెళ్లడం, అక్కడ మూటాముల్లెతో దిగి ఓడ ఎక్కడం, కలే రేవులో ఓడ దిగి మళ్లీ పారిస్ రైలు పట్టుకోవడం, ఇదీ దశాబ్దాల పాటు నడిచిన పద్ధతి. విలాసానికి పేరుపడిన 'గోల్డెన్ ఆరో' రైలు 1929 నుంచి 1972 వరకు నడిచినా, ఆ పేరు పెట్టుకున్న రైలు బ్రిటన్ గడ్డ మీదే ఆగిపోయేది. అవతలి ఒడ్డున అదే అర్థం వచ్చే ఫ్రెంచి పేరుతో మరో రైలు ఎదురుచూసేది. అంతా సవ్యంగా జరిగితే ఆరేడు గంటల్లో పారిస్ చేరవచ్చు. సముద్రం అలజడిగా ఉన్నా, పొగమంచు కమ్మినా ఆ లెక్క తప్పేది.

'ప్రయాణికుణ్ణి దింపకుండా సముద్రం దాటించలేమా?' అన్న ఆలోచన సొరంగంతోనే పుట్టలేదు. 1936లో మొదలైన 'నైట్ ఫెర్రీ' అనే రైలు డోవర్‌లో పడక బోగీలను అలాగే ఓడలోకి ఎక్కించి, డంకర్క్‌లో దింపి, తెల్లవారాక పారిస్‌కు చేర్చేది. వినడానికి ఇది తేలికైన పనిలా అనిపిస్తుంది కానీ, ఆటుపోట్లకు డోవర్‌లో నీటిమట్టం బాగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి, ఓడలోని పట్టాలు రేవులోని పట్టాలతో సమానమైన ఎత్తుకు వచ్చేలా ఓడను తలుపులున్న రేవులోకి చేర్చి, పంపులతో నీటిమట్టాన్ని సరిచేసేవారు. బోగీలను ఓడ అడుగుకు గొలుసులతో బిగించే చప్పుడుకు నిద్రపట్టని ప్రయాణికులు ఎందరో ఉండేవారట. ఆ రైలు యుద్ధకాలంలో ఆగి, మళ్లీ మొదలై, 1980లో శాశ్వతంగా నిలిచిపోయింది.

నా ఉద్దేశంలో సొరంగం తెచ్చిన అసలు మార్పు వేగం కన్నా ఇక్కడే ఉంది. ఓడ మీద ఆధారపడిన రైలు రోజుకొకటి నడిచే అపురూపమైన సేవ. ఓడ కోసం రైలు, పోటు కోసం ఓడ, వాతావరణం కోసం అందరూ కాచుకోవలసి వచ్చేది. సొరంగంలో మాత్రం ఒక రైలు వెనుక మరొకటి కొద్ది నిమిషాల తేడాతో వెళ్లగలదు. పొద్దున లండన్ నుంచి బయలుదేరి, పారిస్‌లో పని చూసుకుని, అదే రాత్రికి ఇల్లు చేరడమన్నది రైలులో ప్రయాణించే మామూలు మనిషికి అప్పుడే సాధ్యమైంది.

సమయం విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. 1994 నవంబరు 14న సొరంగం గుండా వెళ్లే ప్రయాణికుల రైలు సేవ 'యూరోస్టార్' మొదలైనప్పుడు లండన్–పారిస్ ప్రయాణానికి మూడు గంటలు పట్టేది. ఫ్రాన్స్ 1993 నాటికే ఉత్తర దిశగా కొత్త హైస్పీడ్ మార్గాన్ని సిద్ధం చేసి ఉంచింది కనుక అక్కడ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేది. బ్రిటన్‌లోకి అడుగుపెట్టగానే అదే రైలు కెంట్ ప్రాంతపు పాత లోకల్ పట్టాల మీద, పక్కన నేల మట్టంలో ఉండే మూడో పట్టా నుంచి 750 వోల్టుల కరెంటు తీసుకుంటూ, నగర శివార్ల రైళ్ల మధ్య దారి వెతుక్కుంటూ వాటర్లూ స్టేషన్‌కు చేరేది. 109 కిలోమీటర్ల కొత్త మార్గంలో మొదటి భాగం 2003లో, మిగిలినది 2007లో పూర్తయ్యాక లండన్ స్టేషన్ సెయింట్ పాంక్రాస్‌కు మారి, ప్రయాణం రెండుంబావు గంటలకు తగ్గింది. సొరంగం 1994లో ఎంత పొడవో 2007లోనూ అంతే పొడవు. ఆ ముప్పావు గంట ఆదా అయినది నేల మీద వేసిన పట్టాల వల్ల. సొరంగానికి దక్కిన కీర్తిలో పదో వంతు కూడా ఆ 109 కిలోమీటర్లకు దక్కలేదన్నది నాకెప్పుడూ బాధ కలిగించే విషయం.

లీల్ నగరం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొత్త మార్గం ఊరి బయటి నుంచి పోకుండా నగరం మధ్య నుంచే వెళ్లాలని, మాజీ ప్రధాని, అప్పటి నగర మేయర్ పియేర్ మోర్వా గట్టిగా పట్టుబట్టారు. అందువల్లనే, బట్టల మిల్లులు మూతపడి దిగులుగా ఉన్న ఆ నగరం లండన్, పారిస్, బ్రస్సెల్స్ మార్గాలు కలిసే కూడలి అయింది.

ఇరుసు:

పొగబండి గారు రాసినదాంతో ఏకీభవిస్తూనే, మీరడిగిన 'ఉత్తరాది ఊళ్లకు రైళ్లు ఎందుకు లేవు' అన్న భాగానికి సాంకేతిక కోణం జోడిస్తాను.

ఛానల్ సొరంగం అని ఏకవచనంలో అంటున్నాం కానీ అక్కడున్నవి మూడు సొరంగాలు. రెండింటిలో రైళ్లు ఒక్కో దిశలో నడుస్తాయి. ఆ రెంటి మధ్యనున్న చిన్న సొరంగం సిబ్బంది కోసమూ, ఆపద వేళ ప్రయాణికులను తప్పించడం కోసమూ ఉద్దేశించినది. పొగ లోపలికి రాకుండా ఆ మధ్య సొరంగంలో గాలి పీడనాన్ని ఎప్పుడూ కాస్త ఎక్కువగా ఉంచుతారు. ప్రతి 375 మీటర్లకూ ఒక అడ్డదారి ఈ మూడింటినీ కలుపుతుంది. రైలు ఎక్కడ ఆగినా దానిలోని ఏదో ఒక తలుపు ఒక అడ్డదారికి దగ్గరగా ఉండాలంటే, రైలు పొడవు ఆ దూరానికి తగ్గకూడదు, ఒక చివర నుంచి మరో చివర వరకు లోపలే నడిచి వెళ్లగలగాలి. మొదట్లో దీనికి తోడు, అవసరమైతే రైలును మధ్యలో రెండుగా విడదీసి, మంటలు లేని సగంతో బయటపడగలగాలన్న నియమమూ ఉండేది. అందువల్ల యూరప్‌లో నడుస్తున్న మామూలు రైలును తెచ్చి ఈ సొరంగంలోకి పంపడం సాధ్యపడలేదు.

మొదటి తరం యూరోస్టార్ రైళ్లను చూడండి. పొడవు 394 మీటర్లు. బ్రిటన్‌లో పాత వంతెనలు, ప్లాట్‌ఫాంలు ఇరుకు కనుక అక్కడి కొలతలకు సరిపోయే సన్నని బోగీలు. బ్రిటన్‌లో 750 వోల్టులు, బెల్జియంలో 3,000 వోల్టులు, ఫ్రాన్స్‌లోనూ సొరంగంలోనూ 25,000 వోల్టులు, ఈ మూడింటి మీదా నడిచే మోటార్లు. దేశానికొక తీరున్న సిగ్నళ్లన్నిటినీ చదవగల పరికరాలు. ఇంత ఖరీదైన రైలు నిండా ప్రయాణికులుంటేనే గిట్టుబాటవుతుంది. ఉత్తరాది నగరాల కోసం కాస్త పొట్టివైన ఏడు రైళ్లు తయారయ్యాయి. అవి ఒక్కసారి కూడా ప్రయాణికులతో సొరంగం దాటలేదు. రాత్రి రైళ్ల కోసం తయారైన 139 పడక, కూర్చునే బోగీలను చివరికి కెనడాకు అమ్మేశారు. చౌక విమానాలు అప్పుడే విస్తరిస్తుండడంతో, ఎడిన్‌బరో నుంచి పారిస్‌కు రైలులో అన్ని గంటలు కూర్చునేవారు తగినంతమంది దొరకరన్న లెక్క గెలిచింది.

ఈ భద్రతా నియమాలను అధికారుల మొండిపట్టుగా కొట్టిపారేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. 1996 నవంబరు 18న లారీలను మోసుకెళ్తున్న షటిల్ రైలులో మంటలు రేగినప్పుడు, దానిలోని 34 మందీ ఆ మధ్య సొరంగం ఉండడం వల్లే ప్రాణాలతో బయటపడ్డారు. 2008లో మరోసారి పెద్ద అగ్నిప్రమాదం జరిగినా ఎవరూ చనిపోలేదు. అనుభవం పెరిగిన కొద్దీ నియమాలు కొంత సడలాయి. 2010 అక్టోబరులో జర్మనీ రైల్వే తన హైస్పీడ్ రైలును సొరంగం గుండా సెయింట్ పాంక్రాస్ వరకు తెచ్చి చూపించింది కూడా. సాంకేతికంగా దారి తెరుచుకున్నట్టే కనిపించినా, ఆ తర్వాత జర్మనీ సేవ మొదలు కాలేదు. ఎందుకో చెప్పాలంటే పట్టాల సంగతి వదిలి పాస్‌పోర్టుల సంగతికి రావాలి. అది నాకన్నా బాగా తెలిసినవారు ఈ వేదికలో ఉన్నారు.

చెక్‌పోస్ట్:

ఇరుసు గారు వదిలిన చోటి నుంచి అందుకుంటాను. తీరరేఖ గారూ, మీరు 'మరో అడ్డు' అన్నారే, అది ఇదే.

ఓడ ప్రయాణంలో ఒక సౌకర్యం ఉండేది, అప్పట్లో దాన్ని ఎవరూ సౌకర్యంగా గుర్తించలేదు. రేవులో ప్రయాణికులందరూ ఎలాగూ దిగుతారు కనుక, పాస్‌పోర్టుల తనిఖీకి, సామాను సోదాకు అదే సహజమైన చోటు. సొరంగం ఆ చోటును తీసేసింది. రైలు పారిస్ నడిబొడ్డు నుంచి లండన్ నడిబొడ్డుకు ఆగకుండా పోతుంటే సరిహద్దు ఎక్కడున్నట్టు? ఖండంలోని దేశాలు షెంగెన్ ఒప్పందంతో తమ మధ్య తనిఖీలు ఎత్తేసుకుంటున్న ఆ రోజుల్లోనే, బ్రిటన్ ఆ ఒప్పందంలో చేరకుండా ఉండిపోయింది కాబట్టి తనిఖీ తప్పనిసరి అయింది. 1991లో ఫ్రాన్స్‌లోని సంగాత్‌లో కుదిరిన ఒప్పందమూ, యూరోస్టార్ స్టేషన్లకు దాన్ని విస్తరింపజేసిన తర్వాతి అనుబంధ ఒప్పందమూ దీనికి ఒక విచిత్రమైన పరిష్కారం చూపాయి. దాని ప్రకారం ఫ్రెంచి అధికారులు లండన్ స్టేషన్‌లోనూ, బ్రిటిష్ అధికారులు పారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లోనూ కూర్చుంటారు. ప్రయాణికుడు రైలెక్కక ముందే రెండు దేశాల తనిఖీలూ పూర్తవుతాయి, దిగాక నేరుగా బయటికి నడిచిపోతాడు.

దీనివల్ల మేలు జరిగిన మాట నిజం. కానీ ఈ రైలు ఆగే ప్రతి స్టేషన్‌లోనూ మిగిలిన ప్లాట్‌ఫాంల నుంచి వేరుచేసిన ఒక హాలు, సామాను స్కానర్లు, రెండు దేశాల అధికారులు, వందలమంది వేచి ఉండడానికి చోటు కావాలి. పైగా దారిలో ఏదో ఊళ్లో ఆగి, ఆ దేశంలోనే తర్వాతి ఊరికి వెళ్లే మామూలు ప్రయాణికులను ఎక్కించుకోవడం దాదాపు అసాధ్యం. తనిఖీ అయినవారూ కానివారూ ఒకే బోగీలో కలిసిపోతారు. రైలుకున్న పెద్ద బలమే దారి పొడవునా జనాన్ని దింపుతూ ఎక్కించుకుంటూ పోవడం. ఆ బలం ఇక్కడ పోయింది.

ఆమ్‌స్టర్‌డామ్ కథ దీనికి సరైన ఉదాహరణ. 2018 ఏప్రిల్‌లో లండన్ నుంచి అక్కడికి నేరుగా రైలు మొదలైంది. తిరుగు ప్రయాణంలో మాత్రం అందరూ బ్రస్సెల్స్‌లో దిగి, తనిఖీ చేయించుకుని, మరో రైలు ఎక్కవలసి వచ్చేది. నెదర్లాండ్స్‌తో ఒప్పందం కుదిరాక, 2020 అక్టోబరులో గానీ తిరుగు రైలు నేరుగా నడవలేదు. 2024లో ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్ మరమ్మతుల వల్ల తనిఖీకి చోటు లేకపోయేసరికి ఆ నేరు రైలు మళ్లీ ఎనిమిది నెలల దాకా ఆగిపోయి, 2025 ఫిబ్రవరిలో కొత్త హాలు సిద్ధమయ్యాక తిరిగి మొదలైంది. ఆ ఎనిమిది నెలలూ పట్టాలు ఉన్నాయి, రైలు ఉంది, సొరంగం ఉంది, ప్రయాణికులూ ఉన్నారు. లేనిదల్లా ఒక గది!

బ్రిటన్ 2020లో యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాక పరిస్థితి మరింత బిగుసుకుంది. బ్రిటిష్ పాస్‌పోర్టులపై ముద్రలు వేయవలసి రావడంతో ఒక్కొక్కరికి పట్టే సమయం పెరిగింది. 2025 అక్టోబరు నుంచి వేలిముద్రలు, ముఖచిత్రం నమోదు చేసే కొత్త పద్ధతి దశలవారీగా అమల్లోకి వచ్చింది. సెయింట్ పాంక్రాస్ హాలు ఇంత తనిఖీ కోసం కట్టినది కాదు. కెంట్‌లోని యాష్‌ఫర్డ్, ఎబ్స్‌ఫ్లీట్ స్టేషన్లలోనైతే యూరోస్టార్ 2020 నుంచి ఆగడమే మానేసింది.

తీరరేఖ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. తనిఖీకి రేవు సహజమైన చోటుగా ఉండేదన్న మాట నాకు ఎన్నడూ తట్టలేదు. మరి సరిహద్దు తనిఖీల పట్టింపు లేని దేశాల మధ్య సముద్రం కింది మార్గం ఉంటే ఫలితం వేరుగా ఉండాలి కదా? అలాంటి ఉదాహరణ ఎక్కడైనా ఉందా?

ఆవలితీరం:

ఉంది. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య ఓరెసుండ్ జలసంధి మీద 2000 జులై 1న మొదలైన మార్గం అచ్చంగా మీరడిగిన ఉదాహరణే. స్వీడన్ వైపు నుంచి వంతెన, నడుమ పెబర్‌హోల్మ్ అనే కృత్రిమ ద్వీపం, అక్కడి నుంచి డెన్మార్క్ వైపు నాలుగు కిలోమీటర్ల సొరంగం. పక్కనే కోపెన్‌హాగెన్ విమానాశ్రయం ఉండడంతో ఆ వైపు ఎత్తైన వంతెన స్తంభాలు కుదరవు, ఓడలకు దారీ ఉంచాలి. అందుకని ఆ భాగాన్ని సముద్రం అడుగున వేశారు. ఇది ఛానల్ సొరంగంలా తవ్వినది కాదు, కాంక్రీటు పెట్టెల వంటి భాగాలను ఒడ్డున పోతపోసి, తేలించుకుంటూ తెచ్చి, సముద్రగర్భంలో తీసిన కందకంలో ముంచి కలిపినది.

అక్కడా రెండు దేశాల కరెంటు వేరు: డెన్మార్క్‌లో 25,000 వోల్టులు, స్వీడన్‌లో 15,000. సిగ్నళ్లూ వేరు. డెన్మార్క్‌లో రైళ్లు కుడివైపు పట్టా మీద, స్వీడన్‌లో ఎడమవైపు పట్టా మీద నడుస్తాయి. ఈ చిక్కులన్నిటినీ ఇంజనీర్లు పరిష్కరించారు. స్వీడన్‌లోని మాల్మో, కోపెన్‌హాగెన్‌ల మధ్య ప్రయాణం సుమారు 35 నిమిషాలకు వచ్చింది, రైళ్లు రాత్రింబవళ్లు లోకల్ బళ్లలా నడుస్తాయి, టికెట్ కొనుక్కుని ప్లాట్‌ఫాం మీదికి నడిచి ఎక్కడమే. ఒక దేశంలో ఇల్లు, మరో దేశంలో ఉద్యోగం పెట్టుకుని వేలాదిమంది రోజూ తిరుగుతున్నారు. దేశాల మధ్య రైలు ప్రయాణం దినచర్యగా మారడమంటే ఇదే.

అయితే చెక్‌పోస్ట్ గారి వాదనకు బలమైన సాక్ష్యం కూడా ఇక్కడే దొరుకుతుంది. శరణార్థుల రాక పెరిగిన నేపథ్యంలో స్వీడన్ 2016 జనవరి 4 నుంచి ప్రయాణికుల గుర్తింపు పత్రాలను ముందే పరిశీలించాలని నిబంధన పెట్టింది. కోపెన్‌హాగెన్ నుంచి వచ్చేవారు విమానాశ్రయ స్టేషన్‌లో దిగి, పత్రాలు చూపించి, మళ్లీ రైలెక్కవలసి వచ్చింది. అరగంట ప్రయాణం ఒక్కసారిగా బాగా సాగింది, రోజూ తిరిగేవారి జీవితాలు అస్తవ్యస్తమయ్యాయి. 2017 మే నెలలో ఆ నిబంధన ఎత్తేశారు. సొరంగంలో, వంతెనలో ఒక్క మేకు కూడా మారకుండానే ప్రయాణం ఒకసారి చెడిపోయి, మళ్లీ బాగుపడింది.

ఇస్తాంబుల్ సంగతి దీనికి భిన్నం. బాస్ఫరస్ జలసంధి అడుగున 2013 అక్టోబరు 29న ప్రారంభమైన మర్మరాయ్ సొరంగం ఒకే దేశంలో ఉన్నా రెండు ఖండాలను కలుపుతుంది. 2019 నవంబరులో చైనా నుంచి ప్రాగ్‌కు వెళ్లే సరుకుల రైలు దాని గుండా దాటింది. కానీ బల్గేరియా రాజధాని సోఫియా నుంచి వచ్చే ప్రయాణికుల రైలు మాత్రం యూరప్ వైపున్న హల్కలీ స్టేషన్‌లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి జనం లోకల్ రైలులో సొరంగం దాటాలి.

ఇరుసు:

ఆవలితీరం గారి జాబులో లేని ఒక మార్గాన్ని చేరుస్తాను. జర్మనీ, డెన్మార్క్‌ల మధ్య హాంబర్గ్–కోపెన్‌హాగెన్ రైళ్లు పుట్గార్డెన్, రోద్‌బీ రేవుల మధ్య ఓడలోకి ఎక్కి 45 నిమిషాల్లో ఫెమార్న్ జలసంధిని దాటేవి. 2019 డిసెంబరులో ఆ ఏర్పాటు ముగిసింది. ఇప్పుడవి గ్రేట్ బెల్ట్ జలసంధి కింద 1997 నుంచి ఉన్న డెన్మార్క్ సొరంగం మీదుగా చుట్టు తిరిగి వెళ్తున్నాయి. ఫెమార్న్ కింద కడుతున్న 18 కిలోమీటర్ల సొరంగం పూర్తయితే ఆ ప్రయాణం దాదాపు సగానికి, అంటే రెండున్నర గంటలకు తగ్గుతుందని అంచనా. జర్మనీ వైపు కొత్త పట్టాల పని వెనుకబడింది కనుక, పొగబండి గారు చెప్పిన కెంట్ కథ అక్కడ పునరావృతమయ్యే అవకాశం కనిపిస్తోంది.

పొగబండి:

ఛానల్ సొరంగాన్ని ఒక విఫలయత్నంగా ఎవరైనా అర్థం చేసుకుంటారేమోనని మరొక్క మాట. ఏటా దాదాపు 1.6 కోట్ల మంది యూరోస్టార్ ఎక్కుతారని మొదట్లో వేసిన అంచనా ఘోరంగా తప్పింది; 1995లో ఎక్కినవారు 29 లక్షల మంది. 2019 నాటికి ఆ సంఖ్య 1.1 కోట్లకు చేరింది, లండన్–పారిస్ మధ్య విమానాల కన్నా రైలులో వెళ్లేవారే ఎక్కువయ్యారు. ప్రభుత్వాల సొమ్ము పెట్టకూడదన్న షరతుతో ప్రైవేటు పెట్టుబడితో కట్టడం, ఖర్చు అంచనాను 80 శాతం మించిపోవడం వల్ల అప్పుల భారం కొండలా పెరిగింది. ఆ అప్పు తీర్చడానికి సొరంగం వాడే ప్రతి రైలు దగ్గరా భారీ రుసుము వసూలు చేయవలసి వచ్చింది. దాని దెబ్బ సరుకుల రైళ్లకు గట్టిగా తగిలింది. 1998లో సొరంగం గుండా రైళ్లలో వెళ్లిన సరుకు సుమారు 31 లక్షల టన్నులు. పదేళ్లలో అది సగానికన్నా తక్కువకు పడిపోయింది. లారీలను వాటి డ్రైవర్లతో సహా మోసుకెళ్లే షటిల్ రైళ్లు మాత్రం ఏటా పది లక్షలకు పైగా లారీలను 35 నిమిషాల్లో దాటిస్తున్నాయి. అంటే ఈ రైలు సొరంగంలో సరుకు ఎక్కువగా వెళ్తున్నది లారీల్లోనే, ఆ లారీలు వెళ్తున్నది రైలు మీద. తీరరేఖ గారు వీలైతే సరుకు రవాణా గురించి వేరే ప్రశ్న వేస్తే బాగుంటుంది. దాని గురించి రాయవలసింది చాలా ఉంది.